పుణికిపుచ్చుకున్నవి

బుడిగి ముంజేతి మీద వరుసగా మందుచుక్కలు వేసి, ఒక్కో చుక్క మధ్యలో సూదిమొనతో గుచ్చి, పక్కన నీలం పెన్నుతో గుర్తులు పెట్టి, "గోకకూడదు తల్లీ, గోకావంటే మళ్లీ మొదట్నుంచీ గుచ్చాల్సొస్తుంది" అని బెదిరించి నర్సు వెళ్లిపోయింది. ఏ చుక్క దగ్గర చర్మం దోమ కుట్టినట్టు ఉబ్బితే అది పిల్లకి పడదన్నమాట. అందుకు కాసేపు ఆగాలి. ఆగాలి అన్న మాట వినగానే బుడిగి తల్లికి ఒంట్లో బిగబట్టుకున్నదేదో వదిలేసినట్టయింది. ప్లాస్టిక్ కుర్చీలో కిందికి జారి, గోడకి తల ఆనించి, పక్క కుర్చీలో చెయ్యి చాపుకుని కదలకుండా కూర్చున్న కూతుర్ని ఓరకంట చూస్తూ, రెప్ప వాలిస్తే నిద్రపోతానేమోనని కళ్లు తెరిచే ఉంచింది. పరీక్షకి ముందు కొన్నాళ్లు తుమ్ముల మాత్రలు మానేయమన్నారు. మాత్ర ఒంట్లో ఉంటే చర్మం నిజం చెప్పదట. మానేసిన రోజు నుంచీ ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. పిల్ల తుమ్మితే తనకి మెలకువ, తను తుమ్మితే పిల్లకి మెలకువ, ఇద్దరూ కలిసి తుమ్మితే అవతలి గదిలో అత్తగారికి మెలకువ. "నూరేళ్లు... నూరేళ్లు... ఇంక ఆపండర్రా, వెయ్యేళ్లు దాటిపోయాయి" అని ఆవిడ మంచం మీంచే కేకేసేది. నవ్వొచ్చేది. నవ్వితే మళ్లీ తుమ్మొచ్చేది. పొద్దున్నే హోటల్ లాండ్రీకి పరుగు, అక్కడ ఆరబెట్టే యంత్రంలోంచి తీసిన వేడి దుప్పట్ల గుట్ట, మడత మడతకీ గాల్లోకి లేచే దూదినూగు, ముక్కుకి గుడ్డ కట్టుకున్నా లోపలికి దూరిపోయే ఆ నూగు, అక్కణ్ణించి బడికి, బడి నుంచి ఇక్కడికి.

"అమ్మా, ఇది దురద పెడుతోంది."

"ఏదీ?"

"చివర్నుంచి రెండోది."

"గోకకు. దాని మీద ఊదుకో."

బుడిగి బుగ్గలు పూరించి ఊదుకుంటోంది. ఆ పెదవి ఇప్పుడు ఎంత మామూలుగా ఉంది. కిందటి నెలలో చూసినవాళ్లు ఇది ఆ పెదవేనంటే నమ్మరు. ఊగుతున్న పన్ను పీకించుకొచ్చారు తండ్రీ కూతుళ్లు, ఇద్దరూ గొప్పలు చెప్పుకుంటూ వచ్చారు, ఏడవలేదని ఒకరు, ఏడుస్తుందని నేనే భయపడ్డానని ఇంకొకరు. సాయంత్రానికి పెదవి ఒక వైపు బరువెక్కింది, తెల్లారేసరికి మొహం సగం మూసుకుపోయింది. దద్దుర్లు లేవు, దురద లేదు, ఎర్రదనం కూడా లేదు, ఉత్త వాపు. ఆయన బస్సు డిపోకి ఫోన్ చేసి సెలవు పెట్టి, పిల్లని భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. బస్సు నడిపే మనిషి, రోజూ అంతమందిని దించి ఎక్కించే మనిషి, ఆ పూట ఆటో అతనికి దారి చెప్పలేకపోయాడు. సూది మందిచ్చారు. తగ్గలేదు. ఇంకోటిచ్చారు. తగ్గలేదు. తర్వాత రెండ్రోజులకి దానంతటదే దిగిపోయింది, వచ్చినంత నిదానంగానే. జీడిపప్పు బిస్కెట్లు తిన్నదా అని వాళ్లు అడిగితే, తిన్నదని తను ఒప్పుకుంటే, అయితే అదే అయ్యుంటుందని అన్నారు. జీడిపప్పు అంతకుముందు నూరుసార్లు తిన్నది పిల్ల. కానీ ఏదో ఒక పేరు దొరికితే చాలనిపించింది అప్పుడు. దాన్ని డబ్బాలోంచి తీసి బయట పారేస్తే పీడ పోతుందనిపించింది.

ఆ వాపు చూసే ఈ అలర్జీ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. తల ముగ్గుబుట్టయిన మనిషి, మాట మెత్తన, చూపు మాత్రం సూదిలా ఉంది. ఇందాక లోపల ఆవిడ అడిగింది, "మీ ఇద్దరిలో ఎవరికైనా అలర్జీ ఉందా అమ్మా?" అని. "నాకుందండీ. దుమ్ము పడదు. చిన్నప్పట్నుంచీ తుమ్ములే" అంది తను. "అలాగా. మరి పాపకి ఇందులో ఆశ్చర్యం లేదు. అలర్జీ తత్వం తల్లిదండ్రుల నుంచి పిల్లలకి రావడం ఉంది. ఫలానా వస్తువే పడదని రాదు, పడకపోయే తత్వం వస్తుంది, అంతే. అసలెవరికీ లేని ఇళ్లలోనూ పిల్లలకి వస్తుందనుకోండి" అంది ఆవిడ. తను తలూపింది. ఊపుతూ ఉంటే ఎప్పటిలాగే మెడ దగ్గర చిన్న గర్వం కదిలింది, అలవాటైపోయిన గర్వం. తర్వాత డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి ఇంకోటి అడిగింది. "మీ వైపు గానీ మీవారి వైపు గానీ, ఎవరికైనా ఉన్నట్టుండి మొహం, పెదవులు, గొంతు వాచిపోవడం ఉందా? దద్దుర్లు లేకుండా? ఊపిరాడక ఎవరైనా పోవడం?" లేదండీ. "బాగా ఆలోచించుకుని చెప్పండి. ఈ వాపు అలర్జీ కాకుండా ఇంకో రకం కూడా అయ్యుండొచ్చు. అది ఉట్టినే రాదు, చాలావరకు తల్లికో తండ్రికో ఉంటేనే వస్తుంది. దానికి ఈ సూదులు పనిచెయ్యవు." లేదండీ, మా ఇళ్లల్లో ఎవరికీ లేదు. "అయితే సరే, ముందు అలర్జీ సంగతే చూద్దాం" అని ఆవిడ నర్సుని పిలిచింది.

మా ఇళ్లల్లో ఎవరికీ లేదు. అబద్ధమేం కాదు. నాన్నకి తుమ్ములే తప్ప వాపుల్లేవు. నాన్న బడిపంతులు, నల్లబల్ల తుడిచినప్పుడల్లా వరుసగా తుమ్మేవాడు, పిల్లలు వెనక బెంచీలోంచి లెక్కపెట్టేవాళ్లట. అన్నయ్యకి నాన్న పొడుగొచ్చింది, చెల్లికి నాన్న గొంతొచ్చింది, తనకి ముక్కొచ్చింది. నీ వాటాకి తుమ్ములే మిగిలాయే అని అమ్మ నవ్వేది. ఆయన వైపు ఎవరికీ ఏమీ లేదు, గుండ్రాళ్లు తిని అరిగించుకునే వంశం. అంతా నిజమే. కానీ ఆవిడ అడిగింది బుడిగిని కన్నవాళ్ల సంగతి. బుడిగిని వాళ్లిద్దరూ కనలేదు. పిల్లల్లేని వాళ్లకి పిల్లల్నిచ్చే ఇంటి నుంచి తెచ్చుకున్నారు, మెడ ఇంకా నిలవని పసిగుడ్డుని, తెల్ల తుండులో చుట్టి. ఆ తర్వాత ఊరు మారారు, ఇల్లు మారారు, అడిగేవాళ్లు లేకుండా పోయారు. పెద్దయ్యాక చెబుదాం అనుకున్నారు. పలకరింపులకి ఎదురు మాట చెప్పే వయసొచ్చాక అనుకున్నారు, బడిలో వేశాక అనుకున్నారు, ఇప్పుడు బుడిగి తనంతట తను జడలేసుకుంటోంది, ఇంకా పెద్దయ్యాకే ఉంది ఆ మాట.

అత్తగారు మొదట ఒప్పుకోలేదు. "ఎవరి రక్తమో, ఏ రోగాలు మోసుకొస్తుందో" అని ఒక పూట అన్నం మానేసి పడుకుంది. పిల్ల ఇంటికొచ్చాక కూడా దూరంగా నుంచుని, దండెం మీద ఆరేసిన పసిబట్టల్ని లెక్కపెడుతున్నట్టు చూసేది తప్ప ఎత్తుకునేది కాదు. మెల్లిగా పిల్ల పాకింది, నిలబడింది. ఒక మధ్యాహ్నం పరుపు దులుపుతూ తను తుమ్మింది. గుమ్మంలో కూర్చున్న పిల్ల కూడా తుమ్మింది. తను మళ్లీ తుమ్మింది. అదీ మళ్లీ తుమ్మింది, అచ్చం తనలాగే, ముక్కు పైకెగరేసి, కళ్లు మూసుకుని, చివర్లో పిల్లిపిల్ల లాంటి చిన్న కూతతో. అత్తగారు కూర తరుగుతున్న కత్తిపీట మీంచి లేచొచ్చింది. "ఓసినీ! తుమ్ము కూడా పుణికిపుచ్చుకుందే, తల్లిని!" అంది. తల్లిని అంది. అని, ఆ తడిచేత్తోనే పిల్లని మొట్టమొదటిసారి ఎత్తుకుంది. ఆ రోజు నుంచీ ఇంట్లో వాళ్లిద్దరూ పెద్ద తుమ్ములూ చిన్న తుమ్ములూ. కొత్తగా ఎవరొచ్చినా అత్తగారే చెప్పేది, పిల్లకి రూపం తండ్రిది, ముక్కు తల్లిది అని. తెలిసి తెలిసి చెప్పేది, చెప్పగా చెప్పగా ఆవిడా నమ్మేసింది, తనూ నమ్మేసింది. లాండ్రీలో తోటి ఆడవాళ్లు కాన్పుల కబుర్లు చెప్పుకుంటుంటే, నీకెలా అయిందని తనవైపు తిరిగితే, తను దుప్పటి అంచులు కలుపుకుంటూ, మా పిల్ల నా తుమ్ములే తుమ్ముతుంది తెలుసా అని మాట మార్చేది. నలుగురూ నవ్వేవాళ్లు. కాన్పు మాట అక్కడితో పోయేది. అందరి పిల్లలకీ తల్లి నుంచి వచ్చినవి ఎన్నో ఉంటాయి, కళ్లనీ, గడ్డమనీ, నడకనీ. తనకున్నది ఆ ఒక్క తుమ్ము. దాన్ని పట్టుకుని ఇన్నేళ్లూ లాక్కొచ్చింది.

ఫోన్ బయటికి తీసింది. ఆయన బస్సు నడుపుతూ ఉంటాడు, ఎత్తడు, ఎత్తకూడదు. ఇంటికి చేసింది.

"ఏమ్మా, అయిందా?" అంది అత్తగారు. వెనకాల టీవీ మోగుతోంది.

"ఇంకా లేదు అత్తయ్యా. గుచ్చారు, చూస్తున్నాం. ఇంట్లో ఎవరికైనా ఇలా వాపులున్నాయా అని అడిగారు."

"లేవని చెప్పకపోయావా?"

"చెప్పాను."

"మరింకేం?"

"మనింట్లో లేవని చెప్పాను అత్తయ్యా."

టీవీ ఆగిపోయింది. ఆవిడ కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"పిల్ల పక్కనే ఉందా?"

"ఊఁ."

"తెలీదని చెప్పు. తెలీదంటే అబద్ధం కాదు కదా."

"ఎందుకు తెలీదని అడుగుతారు."

"నువ్వేం చెప్పకు. వాడు డ్యూటీ దిగాక వాణ్ణి పంపిద్దాం, ఆ డాక్టరమ్మతో వాడే మాట్లాడతాడు" అంది ఆవిడ. వాడు మాట్లాడడని ఇద్దరికీ తెలుసు. మళ్లీ వెంటనే, "పిల్ల మధ్యాహ్నం ఏమైనా తిందా? ముఖం పీక్కుపోయి ఉంటుంది" అంది.

ముఖం పీక్కుపోలేదు. ముఖం గుండ్రంగా, బాగానే ఉంది. తను ఫోన్ ఒళ్లో పెట్టుకుని ఆ ముఖాన్నే చూస్తోంది. మొహం వాచిన ఆ పొద్దున పిల్లని భుజాన వేసుకుంటూ ఆయనన్నాడు, "ఇదేంటే, గుమ్మడికాయలా అయిపోయింది" అని. ఆ మాట విన్నప్పుడు ఒంట్లో ఎక్కడో కలుక్కుమంది, పిల్ల బాధ చూడలేక అనుకుంది. కానీ ఆ కలుక్కుమనడం వేరు. ఆ మాట అంతకుముందు విన్నది. ఎక్కడ విన్నది? గుమ్మడికాయలా. మొహమంతా గుమ్మడికాయలా. ఆడమనిషి గొంతు అది, తాంబూలం నమిలినట్టు ముద్దముద్దగా పలికే గొంతు. పొడుగాటి వరండా, వరసగా ఉయ్యాలలు, పాలసీసాలు మరిగిస్తున్న గిన్నె మీంచి ఆవిరి. ఆయా. పసిదాన్ని తన చేతుల్లో పెట్టిన ఆయా. తను ఆ తెల్లతుండు విప్పి వేళ్లు చూసుకుంటోంది, ఉన్నాయి, అన్నీ ఉన్నాయి, గోళ్లు ఎంత సన్నగా ఉన్నాయి అనుకుంటోంది. ఆయా పక్కన నుంచుని చెబుతోంది, "దీని తల్లి బంగారంలాంటి పిల్లమ్మా. కుట్టుమిషను పనికెళ్లేది. కాన్పు బాగానే అయింది, బాగానే లేచి తిరిగింది. తర్వాత ఏమైందో ఏమో, మొహమంతా గుమ్మడికాయలా వాచి, గొంతు పూడుకుపోయి..." తను అక్కడే ఆపింది. "ఇప్పుడవన్నీ ఎందుకులెండి" అంది. మర్యాదగానే అంది, నవ్వుతూనే అంది. ఒళ్లో ఉన్నది ఇప్పుడే పుట్టింది, ఈ నిమిషమే, తన కోసమే. దానికి ముందు ఇంకో మనిషి ఉండటం, ఆ మనిషికి ఒక మొహం ఉండటం, ఆ మొహం వాచడం, అవేవీ తనకొద్దు. ఆయా మంచిది, మాట మింగేసి పాలు ఎన్ని గంటలకోసారి పట్టాలో చెప్పింది. పాల సంగతంతా ఇప్పటికీ పూస గుచ్చినట్టు గుర్తుంది. ఇదొక్కటీ మరిచిపోయింది. మరిచిపోలేదు, ఎక్కడో అడుగున వేసి, పైన మడతలు మడతలుగా దుప్పట్లు పేర్చేసింది.

బుడిగికి అప్పుడప్పుడూ కడుపునొప్పి వస్తుంది. మెలికలు తిరిగిపోయి, వాంతి చేసుకుని, రెండో రోజుకి ఏమీ ఎరగనట్టు లేస్తుంది. బడి ఎగ్గొట్టే కడుపునొప్పి అని పేరు పెట్టారు దానికి ఇంట్లో. లోపలి వాపు బయటికి కనపడుతుందా? డాక్టరమ్మ కడుపు సంగతి అడగలేదు. అడగాల్సిన పని లేకుండా చేసింది తను. ఇప్పుడు లేచి వెళ్లి చెప్పొచ్చు. తలుపు అదిగో. నాలుగడుగుల దూరం కూడా ఉండదు. లేవాలంటే కాళ్లు లేవడం లేదు, ఇది అలసట అనుకోవచ్చు, ఇన్నాళ్ల నిద్రలేమి, దుప్పట్ల బరువు. ఇంకో వారం ఆగొచ్చు కదా. ఆయన్ని తీసుకుని రావొచ్చు. పిల్లని ఇంట్లో వదిలి రావొచ్చు. ఈలోపల దానికి గొంతు వాస్తే? రేపు బడిలో ఎవరో విసిరిన బంతి మూతికి తగిలి, పన్ను పీకినప్పటిలా వాస్తే, టీచరు జీడిపప్పు ఎవరు పెట్టారని అడుగుతూ కూర్చుంటే, ఆస్పత్రిలో పనిచెయ్యని ఆ సూదే మళ్లీ మళ్లీ పొడుస్తూ ఉంటే? అంతకంటే పెద్దది ఇంకోటి తోచింది. బుడిగి పెద్దదై, ఇలాంటి గదిలోనే ఒక రోజు, కడుపుతో ఉండి, ఇంకో డాక్టరు ఇదే ప్రశ్న అడిగితే, మా అమ్మకి తుమ్ములు తప్ప ఏమీ లేవండీ అని నవ్వుతూ చెబుతుంది. నమ్మకంగా చెబుతుంది. కాన్పవుతుంది. బాగానే లేచి తిరుగుతుంది. తర్వాత...

లేచింది. లేచానని తెలిసేలోపలే నర్సు బల్ల దగ్గరుంది. "అమ్మా, ఒక్క నిమిషం పాప దగ్గర ఉంటారా, డాక్టరు గారితో ఒక మాట."

డాక్టరమ్మ చేతులు కడుక్కుని తుడుచుకుంటోంది. కూర్చోమన్నా తను కూర్చోలేదు, కూర్చుంటే మాట కూడా కూర్చుండిపోతుందనిపించింది. "ఇందాక మీరడిగారు కదండీ. నేను మా ఇంటి సంగతి చెప్పాను. పాపని నేను కనలేదండీ, తెచ్చుకున్నాం. కన్నతల్లి కాన్పయిన తర్వాత మొహం వాచి, గొంతు పూడుకుపోయిందని ఆయా చెప్పింది. చెబుతుంటే నేనే ఆపేశాను. ఆ మాట నాకు ఇప్పుడే గుర్తొచ్చింది." ఒక్క బిగిన అనేసింది. ఇన్నేళ్లు మోసింది అంత చిన్నగా ఉంటుందని అనుకోలేదు, ఊపిరి తీసుకోకుండా చెప్పేయగలిగేంత. డాక్టరమ్మ తుడుచుకుంటున్న తువాలు బల్ల మీద పెట్టింది. నాలుగు చివాట్లు పెడితే బాగుండునని ఒక పక్క అనిపించింది. "కడుపునొప్పులు వస్తాయా?" అని మాత్రం అడిగింది. వస్తాయని తను చెబుతుంటే ఆవిడ తలూపుతూ వింది, అప్పటికే తెలిసిన దారిలో నడుస్తున్నట్టు.

"రక్తం తీసి పంపిద్దాం. వచ్చేదాకా ఖాయంగా చెప్పలేను గానీ, నాకు అదే అనిపిస్తోంది. భయపడకండి. అది ఉందని తెలిస్తే మందులున్నాయి. తెలియకపోవడంతోనే ప్రమాదం. పన్ను పీకించాలన్నా, చిన్న కోతైనా ముందు నాకు చెప్పాలి. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా ఒక్క క్షణం ఆగకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్లిపోండి. నేను చీటీ రాసిస్తాను, అది చూపిస్తే వాళ్లకి తెలుస్తుంది." ఆగి అడిగింది, "పాపకి తెలుసా?"

"తెలీదండీ."

"ఇదే ఉంటే దానికి తెలియాలమ్మా. ఎప్పుడైనా ఏ డాక్టరైనా మొదట అడిగేది ఇదే."

ఆవిడ బయటికొచ్చి బుడిగి చెయ్యి వెలుతురులోకి తిప్పి చూసింది. జీడిపప్పు చుక్క దగ్గర ఏమీ లేదు. పాలు, గుడ్డు, వేరుశనగ, ఏ తిండి దగ్గరా ఏమీ లేదు. దుమ్ము చుక్క దగ్గర మాత్రం చింతగింజంత బుడిపె లేచి ఉంది. "తుమ్ములు ఇందుకన్నమాట. ఎక్కడ పడుకుంటావు నువ్వు?" అంది. "అమ్మ దగ్గర. పాత దూదిపరుపు మీద. మెత్తగా గుంట పడి ఉంటుంది, దాంట్లో" అంది బుడిగి గొప్పగా. "దాన్ని ముందు వదిలించుకోండి" అంది డాక్టరమ్మ తనతో. తను ఆవిడతో పాటు గుమ్మం దాకా నడిచి, ఎందుకడుగుతోందో తనకే తెలియకుండా, "అయితే తుమ్ములు నా నుంచి రాలేదన్నమాట" అంది నెమ్మదిగా. "మీ రక్తంలోంచి రాలేదు. మీ పరుపులోంచి వచ్చుంటాయి" అంది ఆవిడ, నవ్వకుండా. తనకి నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్లు నిండాయి. ఆ గుంట వాళ్లిద్దరి బరువుకీ పడింది.

రక్తం తీశారు. బుడిగి ఏడవలేదు, మోచేతి మడతలో దూది నొక్కి పట్టుకుని, గొట్టంలో తన రక్తం ఎంత ఎర్రగా ఉందో చూసుకుంది. చీటీ తీసుకుని, మెట్లు దిగి, బస్సు ఆగే చోట సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. ఎండ వాలింది. ఎదురుగా టైర్లకి గాలి కొట్టే అతను గొట్టం చుట్టుకుంటున్నాడు. ఇంటికెళ్లాక చెబుదాం, ఆయన వచ్చాక, అన్నం తిన్నాక. అన్నం తిన్నాక పిల్ల నిద్రపోతుంది. రేపు మళ్లీ లాండ్రీ.

"డాక్టరమ్మతో రహస్యంగా ఏం చెప్పావు?" అంది బుడిగి.

"నీ వాపు సంగతి."

"అది కూడా నీ నుంచే వచ్చిందా, తుమ్ముల్లాగా?"

"కాదు బుడిగీ." ఆమె చేతిలో చీటీ మడిచి పిల్లవైపు తిరిగింది. "నిన్ను నేను కనలేదురా. ఇంకో అమ్మ కంది. ఆవిడకి ఇలాగే వాచింది. నువ్వు పుట్టిన కొద్దిరోజులకే ఆ వాపుతోనే చనిపోయింది. నువ్వు చాలా చిన్నదానివి, అప్పుడు నాన్నా నేనూ వచ్చి నిన్ను తెచ్చుకున్నాం. నీకు చెప్పాల్సింది ఎప్పుడో. చెప్పలేకపోయాం."

బుడిగి ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. బల్ల మీద కొంచెం అవతలికి జరిగింది, మధ్యలో మనిషి పట్టేంత. మోచేతి దగ్గర దూది తీసి, దాని మీది చిన్న ఎర్రచుక్కని చాలాసేపు చూసింది. వాళ్లెక్కాల్సిన బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. పిల్లని దగ్గరికి లాక్కోవాలని ఆమె చేతులు కొట్టుకున్నాయి, కానీ ఒళ్లో పెట్టుకుని ఉంచింది, ఆ జరిగిన జాగా పిల్లదని తెలిసి.

"నాన్నమ్మకి తెలుసా?"

"తెలుసు."

"నాకు తప్ప అందరికీ తెలుసు."

"అవును."

"ఆవిడ పేరేంటి?"

తెలీదు. వేళ్లు చూసుకుంది, గోళ్లు చూసుకుంది, పాలు ఎన్ని గంటలకోసారి అని రెండుసార్లు అడిగింది. ఇది అడగలేదు. "నాకు తెలీదు. అడగలేదు" అంది.

బుడిగి మొదటిసారి తలతిప్పి ఆమెని సూటిగా చూసింది. కోపంగానే చూసింది. "అడగాల్సింది."

"అడగాల్సింది" అంది ఆమె. "నిన్ను తెచ్చుకున్న ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. నిన్ను నా చేతుల్లో పెట్టిన ఆయా ఉందో లేదో. నిన్ను కన్న ఆవిడకి అక్కచెల్లెళ్లు ఎవరైనా ఉన్నారేమో, వాళ్లకీ ఈ వాపు సంగతి చెప్పాలి. ఆదివారం నేను వెళ్లి అడుగుతాను."

దూరంగా ఇంకో బస్సు మలుపు తిరుగుతోంది. బుడిగి లేచి, బడిసంచీ తనే భుజానికి తగిలించుకుంది.

"నేనూ వస్తాను. నేనే అడుగుతాను."